‘టెస్ట్’ పేరుతో తీసిన స్కాన్

ఆ ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో ఒక అలవాటు ఉండేది. సిబ్బందిలో ఎవరి ఇంట్లోవాళ్ళకైనా ఒంట్లో బాగాలేకపోతే, మధ్యాహ్నం భోజనాల వేళ మూడో గదికి తీసుకొచ్చేవారు. చీటీ ఉండదు, రిజిస్టరులో పేరు ఉండదు, వరసలో కూర్చోవడం ఉండదు. మిషన్ పేరు అడిగే చోట ‘టెస్ట్’ అని కొట్టి, పక్కన ఒక అంకె వేసి పని కానిచ్చేవారు. పొద్దున్నే మిషన్ సరిగా ఉందో లేదో చూసుకునే బొమ్మలు కూడా ఆ పేరుతోనే ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. ఇది తప్పని అందరికీ తెలుసు. అందరూ చేస్తున్నారనీ అందరికీ తెలుసు. నలుగురితో నారాయణ అన్నట్టు, అందరూ కలిసి చేసే తప్పు ఎవరికీ తప్పులా కనిపించదు.

ఆ మూడో గదిలో పదహారేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను ఆసుపత్రి మొత్తం స్కానమ్మ అనేది. చెయ్యి అంత చురుకు. ఒకటో గదిలో పనిచేసే ఆవిడకు ఒక మనిషిని చూడడానికి అరగంట పడితే, స్కానమ్మ ఆ అరగంటలో నలుగురిని పంపించేసేది. ఆవిడకు నిదానమ్మ అని పేరు పెట్టింది కూడా స్కానమ్మే. పేరు అందరికీ అతికినట్టు నచ్చింది, ఒక్క నిదానమ్మకు తప్ప. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా నవ్వి ఊరుకునేది.

స్కానమ్మకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి అన్నయ్యకు పెళ్ళయి ఆరు నెలలు. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన, ఇంకా ఆ ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియని వదిన, ఆ పిల్లను తన పక్కన పడుకోబెట్టుకుంది. జ్వరం వస్తే మేలుకుంది, అబద్ధం ఆడితే వీపు మీద ఒక్కటిచ్చింది. తల్లి చేసే పనులన్నీ చేసింది గానీ ఎప్పుడూ ‘అమ్మ’ అని పిలిపించుకోలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది వదిన. మనిషి గుమ్మంలోకి రాగానే టేపు చేతిలోకి తీసుకోకుండానే నడుము ఎంతో, భుజం ఎంతో చెప్పేసేది.

అలాంటి మనిషి తన నడుము కొలత తప్పుతోందని గమనించకుండా ఉంటుందా? రెండు నెలల్లో రెండంగుళాలు పెరిగింది. చేతులు మాత్రం సన్నబడ్డాయి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టు ఉంటోంది. లావెక్కితే అంతా ఎక్కాలి గదా, ఒక్క నడుమే ఎందుకు పెరుగుతోందని ఆడపడుచును అడిగింది. రేపు మధ్యాహ్నం ఒకసారి వచ్చి పొమ్మంది స్కానమ్మ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, వదినకు ఆ పెరటి చెట్టు మీదే నమ్మకం.

ఆ మధ్యాహ్నం మిషన్‌లో ‘టెస్ట్-41’ అని కొట్టింది స్కానమ్మ. వదిన చెబుతున్నది పిత్తాశయంలో రాళ్ళ బాధలా ఉందని ముందే ఒక నిర్ణయానికి వచ్చేసింది. కుడివైపు చూసింది. రాళ్ళు లేవు. కాలేయంలో ఒక మూల గుండ్రంగా, తెల్లగా చిన్న మచ్చ కనిపించింది. కొలిస్తే పదకొండు మిల్లీమీటర్లు. ఒంటి మీద పుట్టుమచ్చ ఉన్నట్టే లోపల కూడా ఉంటుందని, సన్నటి రక్తనాళాల ముడి అని, దానివల్ల ఏమీ కాదని చెప్పి, ఆ బొమ్మ దాచింది. కిడ్నీలు బాగున్నాయి. అంతా అయ్యాక, పనిలో పనిగా, పొట్ట మీద ఆనించే ప్రోబ్‌ను బొడ్డు కిందికి జరిపింది. తెర నిండా నల్లగా నీరు.

ఇక్కడ ఆ గది సంగతి ఒకటి చెప్పాలి. పొత్తికడుపు చూడాలంటే మూత్రాశయం నిండుగా ఉండాలి. రోజూ పాతికమంది ఆడవాళ్ళు సీసాలకు సీసాలు నీళ్ళు తాగి, కాళ్ళు ముడుచుకుని, మా వంతు ఎప్పుడని ఆ వరండాలో సణుగుతూ కూర్చుంటారు. అందుకని బొడ్డు కింద నల్లటి మడుగు కనిపిస్తే ఆ గదిలో పనిచేసేవాళ్ళ కంటికి అది మూత్రాశయమే. రోడ్డు మీద పోయేవాడికి చూపిస్తే ఇదేమిటని అడుగుతాడు. వీళ్ళు అడగరు, తెలుసు గనక.

“ఏంటి వదినా, బాత్రూంకి వెళ్ళకుండా బిగబట్టుకుని వచ్చావా?” అని నవ్వింది స్కానమ్మ.

“లేదమ్మాయ్. ఇప్పుడే వెళ్ళొచ్చాను.”

“మరి ఇంత నీరెక్కడిది?”

“ఏమో మరి. వెళ్ళొచ్చానే.”

వయసు మీద పడుతుంటే పూర్తిగా ఖాళీ అవదులే అని తనే సమాధానం చెప్పేసింది స్కానమ్మ. అందులో అబద్ధం లేదు, చాలామందికి అలాగే అవుతుంది. బొమ్మ మీద ‘బ్లాడర్’ అని కొట్టి అది కూడా దాచింది. ఇంకోసారి వెళ్ళిరా వదినా అని ఒక్క మాట అని ఉంటే రెండు నిమిషాలు పట్టేది. బాత్రూం ఆ తలుపు ఎదురుగానే ఉంది. కానీ ఒంటిగంట అయిపోయింది, బయట జనం తలుపు తడుతున్నారు. గ్యాసేనని, కొంచెం కొంచెంగా తినమని చెప్పి వదినను పంపేసింది.

ఏడు నెలలు గడిచాయి. వదిన తన బట్టలు మూడుసార్లు విప్పి కుట్టుకుంది. నాలుగోసారి విప్పడానికి కుట్టులో గుడ్డ మిగలలేదు. ఆడపడుచు గ్యాసే అంది గనక ఇంకెవరికీ చూపించుకోలేదు. చివరికి అన్నయ్యే బలవంతాన వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు చెయ్యి పెట్టి చూసి, వెంటనే స్కాన్ చేయించమని చీటీ రాసిచ్చాడు. చీటీ ఉంది గనక వరసలో కూర్చున్నారు. వంతు ఒకటో గదికి పడింది.

స్కానమ్మ మూడో గదిలో ఎవరి కిడ్నీనో చూస్తుండగా నిదానమ్మ తలుపు తీసి, మీ వదినగారు మా గదిలో ఉన్నారు, ఒకసారి వచ్చి చూడండి అంది. ఆ మాట అన్న తీరుకే స్కానమ్మ చేతిలో పని వదిలేసి లేచింది. వెళ్ళి చూసింది. అప్పటి నల్లటి మడుగు ఇప్పుడు మడుగులా లేదు. గోడలు మందమెక్కాయి, గోడల నుంచి లోపలికి గడ్డలు పెరిగాయి, చుట్టూ నీరు చేరింది. దాని కింద, ఒక పక్కకు ఒదిగి, ముడుచుకుపోయి, అసలు మూత్రాశయం వేరే ఉంది.

స్కానమ్మ బాత్రూంకి పంపించావా అని మాత్రం అడగగలిగింది.

“రెండుసార్లు పంపించాను,” అంది నిదానమ్మ. “వెళ్ళొచ్చినా తగ్గలేదు. అందుకే మిమ్మల్ని పిలిచాను.”

నిదానమే ప్రధానం అన్న మాటను ఆవిడ వెనకాల ఎన్నిసార్లు వెక్కిరింతగా వాడిందో స్కానమ్మకు ఆ నిమిషంలో గుర్తొచ్చింది. వదిన బల్ల మీద పడుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

మర్నాడు సీటీ తీశారు. ఆ మర్నాడు రేడియాలజీ పెద్ద డాక్టరమ్మ అన్నయ్యనూ స్కానమ్మనూ కూర్చోబెట్టి బొమ్మలు చూపించింది. గడ్డ ఎడమ అండాశయంలోది. చూడగానే క్యాన్సర్ అనే అనిపిస్తోంది. పొత్తికడుపు దాటి పైకి పాకిన జాడలు లేవు, అది కొంత నయం. కానీ కాలేయంలో ఒక మచ్చ ఉంది. చిన్నది. అది ఏమిటో సీటీలో తేలడం లేదు.

ఆ మచ్చ మీదే అంతా ఆధారపడి ఉందని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. అది క్యాన్సరు ముక్కే అయితే రోగం కాలేయం లోపలి దాకా పోయినట్టు, అంటే నాలుగో స్టేజి. అప్పుడు ముందు ఆపరేషన్ పెట్టుకోరు, మందులతో మొదలుపెడతారు, ఆశలు కూడా తగ్గించుకుని మాట్లాడతారు. అది కాకపోతే ముందు ఆపరేషన్ చేసి, ఉన్నదంతా తీసేయడానికే చూస్తారు. ఎమ్మారై తీస్తే తేలుతుంది గానీ, వదినకు గుండె సరిగా కొట్టుకోవడానికి ఎప్పుడో పెట్టిన పేస్‌మేకర్ పాతకాలపుది, ఆ మిషన్‌లోకి పంపడానికి వీల్లేదు. సూది గుచ్చి ముక్క తీద్దామంటే, అది రక్తనాళాల ముడి అయిన పక్షంలో లోపల రక్తం కారే ప్రమాదం ఉంది.

“పాత స్కాన్ ఒక్కటి ఉంటే చాలు,” అంది డాక్టరమ్మ. “అప్పుడూ ఈ మచ్చ ఉండి, ఇంతే ఉంటే, ఇది క్యాన్సరు కాదని ధైర్యంగా చెప్పొచ్చు. కానీ అంతకు ముందెప్పుడూ తీయించలేదన్నారు.”

ఆ మాట వదిన నింపిన కాగితంలో ఉంది. ఇంతకు ముందు స్కాన్లు అన్నచోట, కొలతల పుస్తకంలో రాసే గుండ్రటి అక్షరాలతో, ‘లేవు’ అని రాసి ఉంది. బయటికొచ్చాక అన్నయ్య గొంతు తగ్గించి చెప్పాడు, చీటీ లేకుండా తీసిన సంగతి బయటపడితే నీ ఉద్యోగానికి మాట వస్తుందని మీ వదినే అలా రాసింది అని. డాక్టర్ల మీటింగ్ మర్నాడు రెండు గంటలకు. ఆపరేషనా, మందులా అన్నది అక్కడ తేలుతుంది.

స్కానమ్మ మూడో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ‘టెస్ట్-41’ తెరిచింది. అందులో కిడ్నీలవి పోగా రెండే బొమ్మలు. మొదటిది కాలేయం. మచ్చ పదకొండు మిల్లీమీటర్లు. సీటీలోనూ పదకొండే. ఏడు నెలల్లో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది. రెండోది తెరిచింది. నల్లటి మడుగు. దాని మీద ఆమె కొట్టిన అక్షరాలు. ఈసారి నిదానంగా చూసింది. ఒక మూల, గోడ మీద, మెటిక అంత బుడిపె ఉంది. మూత్రాశయం గోడకు అది ఉండకూడదు. అప్పుడూ ఉంది, తను చూడలేదు.

మనిషి బుద్ధి ఎంత వేగంగా పనిచేస్తుందో ఇలాంటప్పుడు తెలుస్తుంది. వదినకు కావలసింది మొదటి బొమ్మ. రెండోదాని అవసరం ఎవరికీ లేదు. మీట ఒక్కసారి నొక్కితే అది ఉండదు. చీటీ లేకుండా తీసినందుకు ఒక తిట్టు పడుతుంది, అంతే. పామూ చస్తుంది, కర్రా విరగదు. ఆమె వేలు ఆ మీట మీద ఉంది. నొక్కనూ లేదు, తీయనూ లేదు. చివరికి మొదటి బొమ్మను మాత్రం ఫిల్ము తీసి, రెండోదాన్ని ఉన్నచోటే వదిలేసి, డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఫిల్ముని సీటీ పక్కన పెట్టి చూసింది, స్కేలుతో మళ్ళీ కొలిచింది. మొహం విప్పారింది. ఇది నాలుగో స్టేజి కాదమ్మా, మీ వదిన అదృష్టవంతురాలు, చీటీ లేకుండా ఎందుకు తీశావని తరవాత తిడతాను అంది. అంటూనే తల ఎత్తి, మామూలుగానే అడిగింది.

“పైన ఒక్కటే చూశావా? కింద చూడలేదా?”

లేదు అంటే సరిపోతుంది. ఆ కాగితంలో వదిన రాసిన అబద్ధం పక్కన ఇదీ చేరుతుంది. కానీ ఆ అబద్ధం వదిన ఆడింది తన కోసం కాదు. చిన్నప్పుడు వీపు మీద పడిన దెబ్బలన్నీ ఇలాంటి ‘లేదు’లకే పడ్డాయి.

“చూశాను,” అంది స్కానమ్మ. “మూత్రాశయం అనుకున్నాను. వెళ్ళొచ్చానని వదిన రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు.”

డాక్టరమ్మ మూడో గదికి వచ్చి ఆ బొమ్మను తనే తెరిచి చూసుకుంది. బుడిపె దగ్గర వేలు పెట్టి, ఈ అక్షరాలు నువ్వు కొట్టినవేనా అని అడిగింది. నావేనండి అంది స్కానమ్మ. అప్పుడే పట్టుకుని తీసేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమోనని, కానీ ఖాయంగా ఎవరూ చెప్పలేరని అంది డాక్టరమ్మ. ఓదార్చడానికి అన్నట్టు లేదు, తిట్టినట్టూ లేదు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టమని, ఇంట్లో కూడా తనే చెప్పుకోవాలని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం స్కానమ్మ వార్డులో వదిన మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పింది. అన్నయ్య మధ్యలోనే లేచాడు. నిన్ను కడుపులో పెట్టుకుని పెంచింది కదే అని ఒక్క మాట అని బయటికి వెళ్ళిపోయాడు. వదిన మాత్రం చివరిదాకా విన్నది.

“నేను చెప్పాను కదే,” అంది.

అంతే. అటు తిరిగి పడుకుంది. ఆమె అరిచి ఉంటే స్కానమ్మ తట్టుకునేది, తిట్టి ఉంటే ఇంకా తేలిగ్గా ఉండేది. చెప్పడానికి సిద్ధం చేసుకున్న క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది. ఆ తరవాత ఆపరేషన్ రోజు దాకా వదిన ఆమెతో మాట్లాడలేదు. తెచ్చిన పాలు తాగింది, దుప్పటి కప్పితే కప్పించుకుంది. మాట మాత్రం లేదు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. గడ్డనూ గర్భసంచినీ రెండు అండాశయాలనూ తీసేశారు. పొత్తికడుపు గోడకు కొంచెం అంటుకుని ఉంటే అదీ ఒలిచి తీశారు. రెండో స్టేజి అని తేలింది. కాలేయం జోలికి పోలేదు. ఆ తరవాత ఆరు విడతల మందులు. జుట్టు ఊడింది, గోళ్ళు నల్లబడ్డాయి. మూడో విడతకు సూదిలోకి దారం ఎక్కించడానికి కూడా వేళ్ళు లొంగక వదిన ఏడ్చింది. అంతవరకూ ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు.

ఈలోగా ఆసుపత్రిలో విచారణ జరిగింది. స్కానమ్మను మూడు నెలలు ప్రోబ్ ముట్టుకోనివ్వలేదు, చీటీలు సర్దే పనిలో పెట్టారు. ‘టెస్ట్’ బొమ్మలన్నీ తీసి ఎవరెవరివో రాయించారు. దాంతో సిబ్బందిలో సగం మంది ఆమెతో మాట్లాడడం మానేశారు, తను మునిగింది చాలక మమ్మల్నీ ముంచింది అని. నిదానమ్మ మాత్రం రోజూ పక్కన కూర్చుని అన్నం తినేది.

మందులు ముగిసిన మూడు నెలలకు స్కాన్ చేయించాలన్నారు. అప్పటికి స్కానమ్మను మళ్ళీ మూడో గదికి పంపారు. నిదానమ్మ చేత తీయిద్దామని అన్నయ్య అన్నాడు. వదిన ఒప్పుకోలేదు.

“అదే తియ్యాలి,” అందట. “ఎక్కడ తప్పిందో దానికి తెలుసు. మిగతావాళ్ళకి తెలీదు.”

ఆ రోజు వదిన చీటీ పట్టుకుని అందరితోపాటు వరండాలో కూర్చుంది. నీళ్ళు తాగి, అంగుళం పెరిగిన జుట్టు మీద గుడ్డ కట్టుకుని, వంతు వచ్చాకే లోపలికొచ్చింది. స్కానమ్మ మిషన్‌లో ఆమె పేరు కొట్టింది, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం చూసుకుని. వదిన తెర మీద తన పేరు చదువుకుని పడుకుంది.

కాలేయం చూసింది. మచ్చ పదకొండు మిల్లీమీటర్లు, ఎక్కడున్నది అక్కడే. పక్కలు చూసింది, నీరు లేదు. బొడ్డు కిందికి వచ్చింది. నిండిన మూత్రాశయం స్పష్టంగా కనిపించింది. చుట్టూ అంతా చూసుకున్నాక, ఖాళీ చేసి రమ్మంది. వదిన వెళ్ళొచ్చి మళ్ళీ పడుకుంది. ప్రోబ్ పెట్టగానే స్కానమ్మ చెయ్యి ఆగిపోయింది. కింద, కొంచెం ఎడమకు, నల్లగా ఇంకా ఒక చిన్న మడుగు మిగిలి ఉంది.

“వదినా, వెళ్ళొచ్చావా?”

“ఇప్పుడే వెళ్ళొచ్చాను.”

ఆ మాట ఇద్దరూ విన్నారు. మందుల తరవాత, ఈ వయసులో, పూర్తిగా ఖాళీ కాకపోవడం మామూలే. ఇన్నేళ్ళ అనుభవం ఆ మాటే చెబుతోంది. స్కానమ్మ ఆ అనుభవాన్ని నమ్మలేదు.

“ఇంకోసారి వెళ్ళిరా వదినా,” అంది.

వదిన ఆమె మొహంలోకి చూసింది. పొట్ట మీది జెల్ తుడుచుకుని, బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా దిగింది. స్కానమ్మ బాత్రూం దాకా చెయ్యి పట్టుకుని నడిపించి, తువ్వాలుతో తలుపు బయట నిలబడింది. వరండాలో ఎవరో ఎంతసేపని గొణిగారు. ఆమె గడియారం చూడలేదు.

వదిన వచ్చి పడుకుంది. స్కానమ్మ ప్రోబ్ పెట్టింది. మడుగు లేదు. గోడలు రెండూ కలిసిపోయి, సన్నటి గీత మాత్రం ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు. చాలాసేపు వెతికింది, ఏమీ లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి తెర అలుక్కుపోతుంటే భుజంతో తుడుచుకుంది.

“ఏముంది?” అంది వదిన.

“ఏం లేదు వదినా. ఖాళీ.”

తెరను ఆమె వైపు తిప్పింది. వదిన కుట్టు సరిచూసుకునేటప్పటిలా కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. ఏమర్థమైందో తెలియదు. చెయ్యి చాపి, ప్రోబ్ పట్టుకున్న ఆ చేతిని తన పొట్ట మీదికి లాక్కుంది.

“ఇంకోసారి చూడు,” అంది.

స్కానమ్మ మళ్ళీ మొదటినుంచి చూసింది.